నాగజ్యోతి చిమటా

పాలు పితికేముందు నాగజ్యోతి ఎనుము చెవుల్లో నెత్తురు తాగే గోమార్లను పుటుక్కున పీకి నిప్పుల్లో వేస్తుంది. సాయంత్రం కొట్టంలో ఆడివచ్చిన కూతురు అమూల్యను మెట్టు మీద కూర్చోబెట్టి చెవుల వెనకా, చంకల్లో, జడ పాయల్లో వెతుకుతుంది. ఒకరోజు పిల్ల మెడ వెనక ఒక గోమారి కరిచిపట్టుకుని కనిపించింది. అత్త అనసూయమ్మ వక్కాకు సంచిలోంచి వేలికి సున్నం తీసుకుని, "ఇది పెడితే అదే రాలిపోతాది మే" అంది.

"వద్దత్తా. మంట పుడితే అది ఇసం లోపలికే కక్కుతాది" అంటూ నాగజ్యోతి అత్త చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది. పుస్తెలతాడుకు వేలాడే, ముళ్లు తీసే చిమటా కొనలు చర్మానికి ఆనించి గోమారిని తల దగ్గర పట్టి, తిప్పకుండా నిదానంగా పైకి లాగింది. ఎనుము దగ్గరి తొందర ఆ వేళ్లలో లేదు. కరిచినచోట సబ్బుతో కడిగి, "జొరమొస్తే మాత్రం ఆస్పత్రికే" అంది. అనసూయమ్మ వేలి మీది సున్నాన్ని గుంజకు రాసేసి, కొప్పు విప్పుకుని అదే మెట్టు మీద కూర్చుంది.

"నాకూ ఈడ దురద పెడతాండాది, చూడు మే."