ఇత్తడి తూటా

కరోనా తగ్గిన ఏడాది, అబుదాబిలో ముసఫ్ఫా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి రుమాలు విప్పి, బొటనవేలంత ఇత్తడి తూటా చూపించాడు. పాత తుపాకుల దుకాణంలో తుడిచే పని ఆయనది.

"ఇంగ్లీషోళ్ల కాలంది కాకా. తుపాకిమందు ఇంకా లోపల్నే ఉన్నది."

"నీకెందుకయ్యా?"

"మా ముదీర్, ఆ మేనేజర్‌గాడు, రేపు ఇంటికి పోతున్నడు. అట్టపెట్టె నన్నే కట్టుమన్నడు. మా అమ్మ సస్తే వాడు నా పాస్‌పోర్ట్ ఇయ్యలే, కొరివి పెట్టలేకపోయిన. రేపు ఎయిర్‌పోర్టుల తూటా దొరికితే వాని పని ఖలాస్!"

ఇంటికెళ్లేవాడి పెట్టెకు ఇంకొకరు తాడు బిగించడం అక్కడి రివాజు. బిగించాక ఎవరూ విప్పి చూడరు.

వద్దనబోయాను. నాన్న చివరిచూపుకు సెలవివ్వని మా ఆఫీసరు మొహం గుర్తొచ్చింది.

"పైన పెడితే కనబడుతుంది, అడుగున పెట్టు" అన్నాను.

ఆయన తల ఊపి దిగిపోయాడు.

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో బస్సు నంబరుంది, ఎండ ఎన్ని డిగ్రీలో ఉంది. నేనన్న మాట మాత్రం లేదు.