పండు కాయ వంగుతుంది

నా చిన్న మనవడికి ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనబడకపోవడానికి నా బిడ్డే కారణమన్నారు. కడుపుతో ఉండి గ్రహణం చూసిందట. రైలు నడిపే ఉద్యోగానికి పోయిన మనవడు కంటి పరీక్షలో తప్పి ఇంటికి వచ్చిన రోజున, వాళ్ళ ఊరు నెక్కొండలో, వాకిట్లో పదిమంది వినేలా నా బిడ్డ అత్త ఆ మాట అన్నది. అది అబద్ధం. ఆ చూపు నా నుంచే వాడికి పోయింది.

నేను మిరపతోటలో పెరిగినవాణ్ణి. నాకు గుర్తున్న తోటలో ఎరుపు లేదు. తెల్లవారి మంచులో ఆకులు, కాయలు, మట్టి అన్నీ నానిన చింతపండు రంగులో మెల్లగా తేలుతూ ఉండేవి. "ఎంత ఎర్రగ పండిందో" అని కూలీలు అంటుంటే, ఆ ఎరుపు ఎక్కడుందా అని వెతుక్కుంటూ సాళ్ళ మధ్య నడిచేవాణ్ణి. ఒకరోజు ఒడినిండా పచ్చికాయలు కోసుకొచ్చాను. "కండ్లు యాడ వెట్టినవ్‌రా?" అని నాయిన వీపు పగలగొట్టాడు.

మరునాడు అమ్మ నా పక్క సాలు పట్టింది. నా వేళ్ళను ఒక కాయ మీద పెట్టించింది.

"జర వంచి సూడు బిడ్డా. పండింది మెత్తగ వంగుతది, పచ్చిది టక్కున ఇరుగుతది. మీ తాత గిట్లనే కోసెటోడు. ఎవ్వలకు జెప్పకు."

అమ్మకు అక్షరం రాదు. అయినా తన తండ్రి కళ్ళు కొడుకుకు వచ్చాయని పసిగట్టింది. ఆమె చివరి మాటను అరవై ఏళ్ళకు పైగా పాటించాను. పెళ్ళినాడు నా భార్య కట్టింది ఎర్రచీర అని ఇప్పటికీ విని నమ్ముతున్నదే. నా కలల్లో ఆమె ఎండుటాకుల రంగులో, చప్పుడు లేకుండా నడిచి వస్తుంది. పోయేదాకా ఆమెకూ చెప్పలేదు.

ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా పాత పుస్తకాల దుకాణాల్లోనే. నా బిడ్డ ఇంకా బడికి పోయే రోజుల్లో, మట్టెవాడలో మా ఇంట్లో కూర్చుని, అట్ట ఊడిన ఒక డిగ్రీ పుస్తకంలో నా గురించి చదివాను. ఈ చూపును మోసే ముక్క, క్రోమోజోమ్ అంటారు, మగవాడికి ఒక్కటే ఉంటుంది, అదీ తల్లి ఇచ్చిందే. అది చెడితే ఆదుకోవడానికి మరొకటి లేదు. ఆడవాళ్ళకు రెండు. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. అందుకే వాళ్ళ చూపు చాలాసార్లు బాగానే ఉంటుంది. నా దగ్గరున్న ఆ ఒక్కటీ నా బిడ్డకు పోయింది. పోక తప్పదు. తర్వాత బిడ్డకున్న రెండింటిలో నా భార్య ఇచ్చినది పెద్ద మనవడికి అందింది, నేనిచ్చినది చిన్నవాడికి. ఇందులో సూర్యుడికీ చంద్రుడికీ ఏం పని?

ఆనాడు పుస్తకం మూసి అటకెక్కించాను.

గ్రహణం మాట తెలియగానే వియ్యపురాలికి ఫోన్ చేసి అది అబద్ధమన్నాను. "నువ్వు దాని తండ్రివి, గట్లనే అంటవ్ అన్నా" అని పెట్టేసింది. బిడ్డకు చేశాను.

"పోనీయ్ బాపూ, నాకు అలవాటే. చిన్నోడు బడిల ఆకులకు ఎర్ర రంగేసిన కాన్నుంచి వింటనే ఉన్న."

అలవాటట! అన్నేళ్ళుగా పడుతోందట! వియ్యపురాలికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నాకు ఎరుపు తెలియదని మొదటిసారి కాగితం మీద పెట్టాను. తాత సంగతి, కాయలు వంచి కోసిన సంగతి రాశాను, ఆ చూపు ఎవరి నుంచి ఎవరికి పోయిందో బొమ్మ గీసి మరీ చూపాను. ఆ మాట ఏ వాకిట్లో అన్నావో అక్కడే వెనక్కి తీసుకోమన్నాను. నాయినమ్మకు చదివి వినిపించమని మనవడికి పంపాను.

నెల గడిచింది. మధ్యాహ్నాలు కునుకు పడితే తోట వచ్చేది. ఏ కాయ వంచినా వంగేది కాదు, విరిగేది కాదు. చివరికి మనవడి ఫోన్ నుంచి వియ్యపురాలి గొంతు వచ్చింది.

"అన్నా, నీ కాయితం పోరడు రెండుసార్లు సదివిండు. గ్రహణం మాట తప్పే. వాకిట్లనే అందరి ముంగట కోడలితోని అన్న, 'నీదేం లేదు బిడ్డా' అని. గని నేను ఎరుక లేక అన్న. నువ్వు ఎరుకుండి గమ్మునుంటివి. నువ్వు గూడ నీ బిడ్డతోని తప్పైందని ఒక మాట అను. పోరనితోని పండు మిరపకాయలు పంపుతాన, తొక్కు పెట్టుకో. పచ్చియి నేనే ఏరేసిన. వంచి సూసుడు అక్కర లేదు, ఫికర్ జెయ్యకు."