పొగ కడిగే డ్రమ్ములో సున్నపు తేట

ఆ రోజుల్లో అనగానే తాతల నాటి ముచ్చట అనుకునేరు. నా చదువు మీద నాకు గుడ్డి నమ్మకం ఉన్న రోజులని అర్థం, అంతే! ఆరేడేళ్ల కిందటి మాట. పిడుగురాళ్లలో ఓ సున్నపు బట్టీ పక్కన, రేకుల షెడ్డులో నా మొదటి ఉద్యోగం. ఎండ నుంచి కరెంటు తీసి, ఆ కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ పట్టి, బట్టీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ ఏరి, రెండూ కలిపి బండి నడిచే మిథనాల్ చేయడం మా పని. (అమ్మకి ఇదంతా వివరిస్తే, "పొగతో పెట్రోలా? సరేలే, పీఎఫ్ కడుతున్నారా?" అంది.) షెడ్డుకి పెద్ద మా సారు, చాకిరీకి నేను. బట్టీలో సున్నం తడిపే పెద్దమ్మ మాకు ఇరుగుపొరుగు. నాకు చుట్టమేం కాదు, వరస కలిపి పిలిచేవాణ్ని.

ఓ రోజు హెడ్డాఫీసు వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ల కళ్లముందు మిథనాల్ చుక్క పడి, దాంతో మా పాత మోపెడ్ నడిస్తే షెడ్డు ఉంటుంది. లేదంటే సామాను లారీకెక్కుతుంది, నేను ఇంటికెళ్తాను. ఉద్యోగం పర్మనెంటని అప్పటికే ఊరంతా చాటుకుని ఉన్నాను, నా ఖర్మ!

పెద్దోళ్లొస్తున్నారంటే మా వైపు ఏం చేస్తారు? సున్నం కొడతారు. ముందురోజే పెద్దమ్మ ప్రహరీకి, దారి పక్క రాళ్లకి, చెట్ల మొదళ్లకి, ఆఖరికి మా షెడ్డు మెట్లకి కూడా తెల్లగా పూసిపెట్టింది. తెల్లారి నేను వెళ్లి చూస్తే పొగ కడిగే డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. (పొగ ఆ నీళ్లలోంచి బుడగలుగా వస్తే దుమ్ము అక్కడే ఆగిపోతుంది.) బోరు మోటారు సరిగ్గా ఆ పూటే మొరాయించింది. గోడవారన ఓ బానలో అద్దంలాంటి నీళ్లు కనిపించాయి. మా బోరు నీళ్లు అంత తేటగా ఉండగా పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు, అయినా అనుమానం రాలేదు చూడండి! బకెట్టుతో ముంచి ముంచి పోశా. అడుగున తెల్లటి మడ్డి ఉంటే, అదెందుకు వదలాలని అదీ ఊడ్చి పోసి మూత బిగించేశా.

పదకొండింటికి వాళ్లు దిగారు. హైడ్రోజన్ బ్రహ్మాండంగా వస్తోంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు ముల్లు మాత్రం కదల్లేదు. "ఏందయ్యా ఇది?" అని సారు పళ్లు నూరాడు. సెన్సర్ విప్పా, పైపులు విప్పా, లాప్‌టాప్ తెరిచి గ్రాఫులు గీశా. పైన ఎండ వాలిపోతోంది. ఎండ పోతే కరెంటు పోయె, కరెంటు పోతే నా ఉద్యోగం పోయె.

అప్పుడొచ్చింది పెద్దమ్మ. "ఒరేయ్ అబ్బాయ్, నా బానలో సున్నపు తేట ఏమైందిరా? మెట్లకి రెండో పూత ఎయ్యాల."

"నీళ్లనుకుని డ్రమ్ములో పోశా పెద్దమ్మా."

"మడ్డితో సహానా?"

"ఊ."

"ఓరి నీ చదువు పాడుగాను! రాయిని కాల్చి కాల్చి మేం ఎళ్లగొట్టిన గాలిని మళ్లీ సున్నానికే తాపిచ్చావంట్రా? అది మొత్తం తాగి రాయైపోతది గానీ నీకేడ మిగులుస్తది?"

పదో తరగతిలో సున్నపు తేటలో గొట్టంతో ఊది, తెల్లగా విరిగితే చప్పట్లు కొట్టి ఫుల్ మార్కులు కొట్టేసినవాణ్ని నేను. డ్రమ్ము మూత తీస్తే నిండా మజ్జిగే! గబగబా పారబోశాం. బట్టీ ఆడవాళ్లు బిందెలతో వరసకట్టి నీళ్లందించారు. ముల్లు లేచింది. ఎండ పసుపెక్కే వేళకి గాజు గొట్టంలో మొదటి చుక్క పడింది, వెనకే ఇంకోటి. ఏడుపొచ్చేసింది నాకు. పట్టినంతా టాంకులో పోస్తే మోపెడ్ దగ్గి దగ్గి చివరికి ఆవరణ అంతా ఓ చుట్టు తిరిగొచ్చింది.

హెడ్డాఫీసు పెద్దాయన నవ్వుతూ నా వైపు తిరిగాడు. "ఇందాకటిదాకా ఏమైంది మరి?"

"సెన్సర్ ప్రాబ్లం సార్," అన్నా, తడుముకోకుండా.

పెద్దమ్మ పక్కనే ఉంది, చేతులకి సున్నంతో. ఒక్క మాటంటే నా పని అయిపోయేది. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దుగాల్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు సారూ ఈ పిల్లోడు," అంది. "ముందు అన్నం తిననీయండి."

షెడ్డు నిలబడింది, నేనూ నిలబడ్డాను. రిపోర్టులో ఇవాళ్టికీ సెన్సర్ ప్రాబ్లమనే ఉంది. ఇప్పుడు నా కిందా కొత్త పిల్లలు చేరారు. మొన్న ఒకడు నేల చూపులు చూస్తూ, "సెన్సర్ పోయినట్టుంది సార్," అన్నాడు. చెడామడా తిడదామని నోరు తెరిచాను. తీరా బయటికొచ్చింది, "అన్నం తిన్నావా?" అని.