ఒక్కపొద్దు నాటి నూడుల్స్ సూపు

నా నాలికకు ఉప్పు తెలియడం మానేసి చాలా కాలమైంది. బెంగళూరు హోటళ్లలో వంట చేసినన్నాళ్లూ బుగ్గన జర్దా పొగాకు ఉండేది. ఆపైన ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ రుచిని కూడా తీసుకుపోయింది. ఇప్పుడు మిరపకాయ మంట ఒక్కటే తెలుస్తుంది. వంటవాడికి రుచి తెలియదంటే పనిలోకి ఎవరు పిలుస్తారు? అందుకే బయట చెప్పలేదు. పని పోయి మా ఊరు రాప్తాడుకు తిరిగొచ్చాక ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పకపోగా, నా భార్య ఏ కూర వండినా "సప్పగా ఉండాది" అని కంచం పక్కకు జరిపేవాణ్ని. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి పోయేది.

హైవే పక్కన కొత్తగా హోటల్ పెడుతున్న ఒకాయన, ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకని వంట ఒకటి చేసి తెమ్మన్నాడు. నచ్చితే పని నాది. లేకపోతే మళ్లీ బెంగళూరు బస్సెక్కి, ఇరుకు గదిలో పదిమంది మధ్య పడుకోవాలి. అంత ఓపిక నాలో మిగల్లేదు.

నాకు గుర్తొచ్చింది ఒక్క వంట. పాత హోటల్లో మా పెద్ద వంటవాడు గ్వాటెమాలా దేశపు మనిషి, జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. రెండు చోట్లా నేర్చింది కలిపి నూడుల్స్ సూపు చేసేవాడు. టమోటాలు, ఎండుమిరపకాయలు పెనం మీద నల్లగా కాల్చి, వేయించిన గుమ్మడి గింజలు, నువ్వులతో కలిపి రుబ్బాలి. అది వాళ్ల దేశపు ముద్ద. ఎండు పుట్టగొడుగులు మరిగించిన నీళ్లలో దాన్నీ, మిసో అనే పులిసిన సోయా ముద్దనూ కలపాలి. అది జపాన్ పద్ధతి. వంటసోడా నీళ్లతో పిసికిన గోధుమపిండి నూడుల్స్ అందులో వేసి, పైన వేయించిన మొక్కజొన్న రొట్టె ముక్కలు చల్లాలి. మిసో, పుట్టగొడుగులు బెంగళూరు బస్సులో తెప్పించుకున్నాను. గుమ్మడి గింజలు చాలక నేను మన శెనక్కాయలు కొన్ని కలిపాను.

హోటలాయన రమ్మన్నది శనివారం. ఆ రోజు నా భార్యకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తింటుంది. ఒకసారి కూర్చుని నోట్లో పెట్టుకుంటే ఇక ఆ రోజుకు అంతే.

మధ్యాహ్నానికి సూపు తయారైంది. గరిటెతో నోట్లో పోసుకున్నాను. వేడి, మంట. ఇంకేమీ లేదు. చేతి కొలత మీద నమ్మకంతో ఉప్పు వేశాను. ఆమె వాకిట్లో శెనక్కాయల పొట్టు చెరుగుతూ అడిగింది.

"ఏ నీళ్లు పోసినావు?"

"డ్రమ్ములోవి."

పొద్దున మంచినీళ్ల క్యాన్ల ఆటో రాలేదు. డ్రమ్ములో ఉన్నవి బోరు నీళ్లు. వాటితో పప్పు కూడా ఉడకదు, అంత ఉప్పన.

"బోరు నీళ్లు పోసి మళ్లా ఉప్పేసినావా? నోట్లో పోసుకుంటివి కదా, తెల్లేదా?"

గరిటె పట్టుకుని నిలబడ్డాను. అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది.

"నాకు తెల్దు. జ్వరమొచ్చినప్పట్నుంచి ఏ రుచీ తెల్దు."

ఆమె చేట కింద పెట్టింది. "మరి ఇన్నాళ్లూ నా కూరలో ఉప్పు లేదంటివే."

గరిటె కింద పెట్టి అన్నాను. "నువ్వు ఒక్కపొద్దని తెలుసు. రుచి చూడమని అడిగేదానికి మొగం లేదు."

"మొగం సంగతి మళ్లా చూస్తాం. గిన్నె తే."

చేతులు కడుక్కొని, భోజనానికి కూర్చున్నట్టే నేల మీద కూర్చుంది. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"సముద్రం. సగం తీసెయ్. పక్కింట్లో క్యాను నీళ్లు తే."

నీళ్లు తెచ్చి పోశాను. గింజల ముద్ద ఇంకొంచెం కలపమంది, నిమ్మకాయ పిండమంది. లేవకుండానే ఇంకో గుక్క తాగింది.

"ఇంగ చాలు. సేమ్యాకు శెనక్కాయల చారు పోసినట్టుండాది."

"బాగుందా?"

"ఆ హోటలాయన్నే అడుగుపో."

సూపు క్యారియర్‌లో, నూడుల్స్ వేరే డబ్బాలో పెట్టుకుని బండి మీద పోయాను. ఆయన గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు, పులుపు సరిగ్గా ఉండాయి. రోజూ ఇట్లే వస్తాదా అన్నా?"

వస్తుందని చెప్పాలనే పోయాను. ఆమె నేల మీద కూర్చున్న తీరు గుర్తొచ్చింది.

"నాకు రుచి తెల్దన్నా. మా ఇంట్లో ఆమె చూసింది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "మరి పనికి ఎవుర్ని పెట్టుకోవల్లప్పా, నిన్నా ఆమెనా?" తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "వస్తే ఇద్దరూ రాండి. నువ్వొక్కడివైతే వద్దు."

నేను ఇల్లు చేరేసరికి దీపం పెట్టి ఉంది. పొయ్యి పక్కన ఉప్మా గిన్నె మూత పెట్టినట్టే ఉంది.

"తినలేదా?"

"తింటిని కదా, నీ సూపు. ఒక్కపొద్దంటే ఒక్కసారే."

రెండు గుక్కలు. అవే ఆమె ఆ రోజు భోజనం. అడిగేటప్పుడు నాకది తట్టనే లేదు.

హోటలాయన మాట చెప్పాను. ఆమె దీపం వత్తి సరిచేసింది.

"శనివారాలు రాను. తక్కిన దినాలు ఆలోచిస్తా. ముందు ఆ పెనం తోము."

టమోటాలు మాడి పెనానికి నల్లగా అంటుకుని ఉన్నాయి. పీచు తీసుకుని కూర్చున్నాను.