తువ్వాలు కింద మిర్చి ధర

అరవయ్యో దశకం మొదట్లో, మిర్చి కోతలు ముగుస్తున్న రోజుల్లో, నన్ను గుంటూరు మిర్చి యార్డుకు మార్కెట్ సూపర్‌వైజరుగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉండేది. చేతికింద ఇద్దరు తూకం మనుషులు, ఒక ఇత్తడి గంట. గంట కొడితే వేలం మొదలు కావాలి.

అప్పటిదాకా ఆ యార్డులో వేలమన్నదే లేదు. కొనే వ్యాపారీ, రైతు తరఫున సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపేవారు. ఒక్కో వేలు నొక్కితే ఒక్కో అంకె. ధర అక్కడే తేలిపోయేది. పండించినవాడు పక్కన నిలబడి తువ్వాలు కదలడం చూసేవాడు. ఆ తరవాత ఏజెంటు ఎంతంటే అంత. అదే మిర్చి ఊళ్లోని బ్రాడీపేట కొట్లో ఎంత ఎక్కువ ధర పలుకుతోందో మా ఆవిడ రోజూ అన్నంతో పాటు నాకు వడ్డించేది కనుక, ఆ తువ్వాలును చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇకపై ధర నోటితో, అందరికీ వినపడేలా పాడాలన్న కొత్త నిబంధనను అమలు చేయడమే నా పని.

మొదటి రోజు మొదటి సరుకు ప్రత్తిపాడు రైతు కోటయ్యది. వాళ్ల ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. మంచి ధర వస్తే ఇంకోదాన్ని కొంటారు. లేదంటే పొలం కౌలుకిచ్చి, పట్నంలో పత్తి గింజలు తీసే మిల్లుకు కూలికి రావాలి. ఈ సంగతంతా ఆయన భార్య సుబ్బాయమ్మ గేటు దగ్గరే నాకు చెప్పేసింది.

గంట కొట్టించాను. ఒక్కరూ నోరు విప్పలేదు. వ్యాపారుల్లో పెద్దాయన సాంబయ్య గారు, "సంతలో అరిచినట్టు అరవడం మాకు అలవాటు లేదండీ" అన్నారు. వ్యాపారుల తువ్వాళ్లు గేటు బయటే పెట్టించాను గానీ, ఆయన చెయ్యి అలవాటు కొద్దీ తువ్వాలు కోసం వెతుక్కుంటోంది. అది చూసి కోటయ్య మొహమాటపడి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆయనకు అందించబోయాడు!

సుబ్బాయమ్మ దాన్ని లాక్కుని నడుముకు బిగించి బస్తా ఎక్కింది. "ఏందయ్యా, నోళ్లుండి మూగోళ్లల్లే నిలబడ్డారు? ఎండలో మాడి పండిచ్చింది మేము. ధర చెప్పటానికి మీకు సిగ్గా?" అంటూ గుప్పెడు కాయలు విరిచి వాళ్ల ముందు దులిపింది. ఆ ఘాటుకు అందరూ వరసపెట్టి తుమ్మారు. యార్డంతా ఒకటే నవ్వు. ఆ సందట్లో సాంబయ్య గారి మేనల్లుడు వెంకటరత్నం గబుక్కున ఒక ధర పాడేశాడు.

మేనమామ మొహం ఎర్రబడింది. అంతమందిలో మేనల్లుడి కన్నా తక్కువ పాడతారా? పెంచారు. అతనూ తగ్గలేదు. మిగతావాళ్లు కూడా అందుకున్నారు. తువ్వాలు కింద పక్కవాడు ఎంతిస్తున్నాడో ఇన్నాళ్లూ వాళ్లకూ తెలియదు మరి. అధికారినన్న గాంభీర్యం నిలుపుకుందామని చూశాను గానీ నావల్ల కాలేదు. ముగింపు గంట తూకం మనిషి చేతిలోంచి లాక్కుని నేనే కొట్టాను. సరుకు సాంబయ్య గారికే పడింది. "ఇంకా చూస్తావేందయ్యా, ఎద్దు బేరానికి పోదాం పద" అని సుబ్బాయమ్మ మొగుణ్ణి బయల్దేరదీసింది. నాకు ఆ పూట భోజనం కూడా గుర్తు రాలేదు.

ఆ ఒక్క వేలంతో పల్లె, పట్నం సమానమైపోలేదు. మర్నాడే యార్డు వెనక తువ్వాళ్లు కనిపించాయి, వెళ్లి లాక్కున్నాను. కానీ పల్లె రాబడికీ పట్నం రాబడికీ అంత తేడా ఎందుకని ఎవరడిగినా, ఆనాటి నుంచి నేను వానల గురించీ భూసారం గురించీ ముందు మాట్లాడను. పంటకు ధర కట్టింది ఎవరు, కట్టినప్పుడు పండించినవాడికి వినపడిందా అని అడుగుతాను.