ఉతికిన దుప్పటి

మిషను తొక్కే ముందు దర్జీ ప్రతిసారీ కాలి బొటనవేలితో కింద తడుముతాడు. తోక తగిలితే ఆగుతాడు. "లేమ్మా, పనుంది" అంటాడు. కుక్క ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే పడుకుంటుంది. తోక మాత్రం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు చక్రం కదులుతుంది.

పిల్లగా ఉన్నప్పుడు ఎవరి కోటుదో బొత్తాం మింగి బతికింది. అందుకని దాని పేరు బొత్తాం. భార్య పోయాక ఆ ఇంట్లో దర్జీ మాట్లాడేది దానితోనే.

పొత్తికడుపులో పేగు జారిందనీ, ఆపరేషన్ వాయిదా వేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. దర్జీ విని ఊరుకున్నాడు. పై అంతస్తులో ఉండే అక్క ఊరుకోలేదు.

"ఎప్పుడు చేరతావురా?"

"బొత్తాన్ని ఎవరు చూస్తారు?"

"నాకా ఆయాసం. దాని బొచ్చు తగిలితే నీకంటే ముందు నేనే ఆస్పత్రిలో చేరాలి."

"అందుకే నేను చేరను."

అక్కే నలుగురినీ వాకబు చేసింది. యజమాని ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పెంపుడు జంతువుని తమ వాళ్ల ఇంట్లో ఉంచి చూసుకునే సేవాసంస్థ ఒకటుందని తెలిసింది. అక్కణ్ణుంచి ఒకావిడ వచ్చి నేల మీదే కూర్చుంది. బొత్తాం తన చేయి వాసన చూసేదాకా ఆగింది.

"దేనికైనా భయపడుతుందా బాబాయ్?"

"ఇస్త్రీపెట్టెకి."

"రేపొచ్చి తీసుకెళ్తాను. అది పడుకునే దుప్పటి కూడా ఇవ్వండి. కొత్తచోట తోడుగా ఉంటుంది."

ఆ సాయంత్రం దర్జీ దుప్పటికి సబ్బు పట్టించి ఉతికాడు. చిరుగులకు మాసికలు వేశాడు. ఇస్త్రీ చేసి మడతపెట్టాడు. పరాయి ఇంటికి వెళుతోంది. మురికిగా వెళితే పెంచినవాడికే తలవంపులు.

మర్నాడు బొత్తాన్ని పంపి, దర్జీ ఆస్పత్రిలో చేరాడు. ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ అక్కడికి వచ్చింది.

"దాచడం నాకు చేతకాదు బాబాయ్. బొత్తాం ఏమీ తినడం లేదు. దుప్పటి దగ్గరికే పోవడం లేదు."

దర్జీ చెప్పుల కోసం వంగాడు. "ఇంటికి పోతున్నా."

"పో. ఇద్దరూ కలిసి పస్తులుండండి." అక్క ఆ చెప్పుల్ని మంచం కిందికి తన్నేసింది.

సంస్థ ఆవిడకి ఏదో తట్టింది. "దుప్పటి ఉతికారా?"

"ఉతక్కుండా ఎలా పంపుతానమ్మా? ఇస్త్రీ కూడా చేశాను."

ఆవిడ నవ్వు ఆపుకుంది. "అయ్యో. మీ ఇంటి వాసన పోయింది, ఇస్త్రీ వాసన మిగిలింది. తప్పు నాదే, ఉతకొద్దని చెప్పాల్సింది. మీరు విడిచిన చొక్కా ఏదైనా ఇవ్వండి."

"మాసిపోయింది. చెమట కంపు."

"అదే కావాలి."

బతుకంతా పదిమంది బట్టలూ మడత నలగకుండా అప్పజెప్పినవాడు. మాసిన చొక్కాని ఉండచుట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, ఆవిడ చేతిలో పెట్టాడు.

పొద్దు వాలుతుండగా అక్క ఫోను మోగింది. విని, తమ్ముడి వైపు తిరిగింది.

"మహారాణిగారు గిన్నె ఖాళీ చేసి, నీ చొక్కా మీద పడుకున్నారట."

దర్జీ అన్నాడు: "బొత్తాలు కోసెయ్యమని చెప్పక్కా. మళ్లీ మింగుతుంది."

మరునాడు ఉదయం నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. దర్జీ మంచం మీంచి కాళ్లు కిందికి వదిలి, బొటనవేలితో తడిమాడు. చల్లటి గచ్చు తగిలింది. కాసేపు ఆగి, దిగి, కుర్చీలో కూర్చున్నాడు.