బాపు మోపెడ్ స్టార్టయింది

మా బాపు పోయినప్పటి నుంచి నాలుగేళ్లుగా కొట్టంలో దుమ్ము పట్టి ఉన్న ఆయన మోపెడ్‌ను ఈ రోజు బాగు చేయించాను. హాలియా నుంచి మెకానిక్‌ను పిలిపించి పాత పెట్రోలు పారబోయించి, కార్బురేటర్ కడిగించి, కొత్త ప్లగ్గు వేయించాను. అమ్మ సంబరపడుతుందనుకున్నాను.

గేటు బయట మధ్యాహ్నానికి ఇంజిన్ అందుకుంది. అదే పాత చప్పుడు. అది వినగానే కొట్టంలో పడుకున్న మా బర్రె దిగ్గున లేచి, గేటు వైపు మెడ చాచి ఒకటే అరుపు. బాపు రోజూ ఆ బండి మీదే దానికి పచ్చగడ్డి మోపు తెచ్చేవాడు.

అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"బందు చెయ్యి కొడుకా! మీ బాపు పోయినంక అది నన్ను దగ్గరికి రానియ్యలే, పాలు చేపలే, చుక్క గూడ ఇయ్యలే. ఎన్ని దినాలు ఆయన అంగీ తొడుక్కొని పిండిన్నో నీకేమెరుక? గిప్పుడిప్పుడే మర్శిపోతాంది."

"గట్లయితదనుకోలేదే అమ్మా" అంటూ ఆపేశాను.

ఇంత తెలివైన పని చేసింది నేనొక్కణ్నేనా? మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఇందాక పాలు పిండే వేళకు అమ్మ పెట్టె తెరిచి, మళ్లీ బాపు అంగీ తొడుక్కుంది.